పాత ఎ-2 జాకెట్ ఎవరిదో వెతికిపెట్టే సర్వీస్: ఐదుకి మూడు

నా దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా వైమానిక దళం తోలు జాకెట్ ఒకటి ఉంది, ఎ-2. అప్పట్లో దాన్ని తొడుక్కున్న మనిషి ఎవరో కనిపెట్టి రిపోర్టు ఇస్తామన్న ఒక రీసెర్చ్ సర్వీసుకి డబ్బులు కట్టాను. చివరికి పని జరిగింది కాబట్టి వాళ్ళ పేరు ఇక్కడ రాయను. మొదటి రిపోర్టు మాత్రం శుద్ధ దండగ.

పద్నాలుగు పేజీలు పంపారు. అందులో పదకొండు పేజీలు ఎనిమిదో వైమానిక దళం ఇంగ్లండు నుంచి ఎలా ఎగిరింది, బి-17 బాంబర్ విమానంలో పదిమంది ఎవరెక్కడ కూర్చునేవాళ్ళు, ఇదే. ఇవి తెలియకనా నేను డబ్బు కట్టింది? ఇంకో పేజీ నిండా లేబుల్ గురించి. కాంట్రాక్టు నంబరు 27752, అంటే రఫ్ వేర్ కంపెనీకి 1942లో ఇచ్చిన ఆర్డరు. నిజమే, కాదనను, కానీ ఆ నంబరు జాకెట్ ఎవరు కుట్టారో చెబుతుంది గానీ ఎవరు వేసుకున్నారో చెప్పదు.

మిగిలిన రెండు పేజీల్లో మనిషి. ఛాతీ మీద తోలు ట్యాగ్‌పై ఒక పొడి అక్షరం, ఇంటిపేరు ఉన్నాయి. ఆ ఇంటిపేరు అమెరికాలో ఊరికి పదిమందికి ఉంటుంది. అందులోంచి వీళ్ళు ఒక పైలట్‌ని తీసుకొచ్చి నా ముందు నిలబెట్టారు. అందరికీ పైలటే కావాలి కదా!

నాకు అనుమానం వచ్చి కాలర్ కింద లైనింగ్‌ని టార్చి వేసి చూశాను. అక్కడ లాండ్రీ మార్కు ఉంది. ఇంటిపేరు మొదటి అక్షరం, దాని పక్కన సర్వీస్ నంబరులోని, అంటే సైన్యం ఒక్కొక్కరికీ ఇచ్చే నంబరులోని, చివరి నాలుగు అంకెలు. బట్టలు ఉతుక్కి వెళ్ళి ఒకరివి ఒకరికి మారిపోకుండా సైన్యంలో వేసుకునే గుర్తు అది. ఆ అంకెలు పైలట్ నంబరుతో కలవలేదు. అడిగితే, అతను ముందు మామూలు సైనికుడిగా చేరి తర్వాత ఆఫీసర్ అయ్యాడు, అప్పుడు నంబరు మారిపోతుంది, అందుకే కలవట్లేదు అన్నారు. ఇది కొట్టిపారేసే మాట కాదు. ఆఫీసర్ కాగానే 'ఓ' అక్షరంతో మొదలయ్యే కొత్త నంబరు ఇచ్చేవాళ్ళు.

కానీ ఆఫీసర్ జాకెట్ అయితే భుజం పట్టీల మీద ర్యాంకు గుర్తు ఉండాలి, పిన్నుతో గుచ్చిందో తోలుముక్క కుట్టిందో, గుర్తు పోయినా చిల్లులు పోవు. నేను భూతద్దం పెట్టి చూశాను, రెండు పట్టీల మీదా ఒక్క చిల్లు లేదు. ఆఫీసర్లు కాని గన్నర్లకీ, రేడియో ఆపరేటర్లకీ కూడా ఎ-2 ఇచ్చేవాళ్ళు. అంటే ఇతను సార్జెంట్ అయ్యుండాలి.

అక్కడి నుంచి నేనే కూర్చున్నాను. అమెరికా నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో సైన్యంలో చేరినవాళ్ళ రికార్డులు దాదాపు 90 లక్షలున్నాయి, ఉచితం. ఇంటిపేరుతో వెతికి చివరి నాలుగు అంకెలు ఒక్కొక్కటే సరిచూసుకుంటూ పోయాను, కళ్ళు లాగాయి గానీ సరిగ్గా ఒక్కడే తగిలాడు. నంబరు 13తో మొదలైంది. 1 అంటే తనంతట తాను చేరినవాడు, 3 అంటే పెన్సిల్వేనియా, మేరీలాండ్, వర్జీనియా వైపు. మీరు వెతికితే ఇంటిపేరుని తప్పు స్పెల్లింగుతో కూడా కొట్టి చూడండి. అవి పాత పంచ్ కార్డుల్ని మైక్రోఫిల్మ్ నుంచి స్కాన్ చేసినవి, అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి.

అయితే అందులో చేరిన రోజు, పుట్టిన సంవత్సరం, అంతకుముందు చేసిన పని, అంతవరకే. తర్వాత కథ కావాలంటే సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రమే గతి, అక్కడేమో 1973 జులై 12న మంటలు లేచాయి. 1912 నుంచి 1960 లోపు సైన్యం వదిలినవాళ్ళ ఫైళ్ళలో 80 శాతం కాలిపోయాయి. మా సార్జెంట్ ఫైలూ అందులోనే పోయింది.

సర్వీసు మూడు మార్కులు సంపాదించింది ఇక్కడే. సరైన నంబరు చేతికివ్వగానే వాళ్ళ మనిషి అక్కడి రీడింగ్ రూమ్‌లో కూర్చుని, సైన్యం వదిలేటప్పుడు ఇచ్చే ఆఖరి జీతం వోచర్ పట్టుకున్నాడు. పూర్తి నంబరు, విడుదలైన తేదీ, ఇంటి చిరునామా అన్నీ ఉన్నాయి, చివరి నాలుగు అంకెలు లైనింగ్ మీదివే. తర్వాత స్క్వాడ్రన్ రోజువారీ రిపోర్టుల్లో అతని ప్రమోషన్లు, ఆసుపత్రిలో ఉన్న రోజులు కూడా తీశాడు. ఆ మైక్రోఫిల్ముల ముందు కూర్చునే ఓపిక నాకైతే లేదు, ఫొటోలు కూడా శుభ్రంగా తీసి పంపాడు.

రెండు మార్కులు ఎందుకు కోశానంటే, తప్పు మనిషిని ఇచ్చింది వాళ్ళు, రెండో ట్రిప్పుకి ఫీజు కట్టింది నేను. ఒక్కసారి లైనింగ్ ఫొటో పంపమని అడిగుంటే సరిపోయేది కదా. ఆర్డర్ ఫారంలో ఆ ప్రశ్నే లేదు, నేమ్ ట్యాగ్ ఫొటో, లేబుల్ ఫొటో అడుగుతారు, అంతే.

ఇంకో బి-10 జాకెట్ ఉంది నా దగ్గర, దానికి ట్యాగ్ కూడా లేదు, లాండ్రీ మార్కు ఒక్కటే. అది వీళ్ళకే ఇస్తాను, కానీ ఈసారి నంబరు నేను తేల్చుకున్నాకే.