ఇంక్‌స్కేప్‌తో ఈవెంట్ పోస్టర్లు: క్లోన్ కోసమే వదల్లేకపోతున్నా

పోస్టర్ల పనికి నేను ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌ను ఇన్నాళ్లుగా పట్టుకుని ఉన్నది ఒకే ఒక్క సదుపాయం కోసం. అదే క్లోన్, అంటే అసలుదాన్ని దిద్దితే తనూ మారిపోయే నకలు. ఉచితమని, ఓపెన్ సోర్స్ అని అందరికీ తెలుసు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నా. తెలుగు ఒత్తులు చెదిరిపోకుండా వస్తాయని మాత్రం చెప్పాలి.

నేను వేసేవి కచేరీల పోస్టర్లు, నాటకాల పోస్టర్లు. ఒకే కార్యక్రమానికి గోడకు ఏ3 కాగితం, సోషల్ మీడియా ఫీడ్‌కు చదరం, స్టోరీకి 1080 × 1920 పిక్సెళ్ల నిలువు, ఈవెంట్ పేజీ పైన పెట్టడానికి అడ్డ బ్యానర్ కావాలి. అన్నింట్లోనూ తేదీ, సమయం, వేదిక ఉంటాయి. ఏ ఒక్కదాంట్లో పాత సమయం మిగిలిపోయినా కొందరు తలుపులు తీయకముందే వచ్చి నిలబడతారు, లేదంటే సగం కచేరీ అయిపోయాక వస్తారు.

2022లో వచ్చిన 1.2 వెర్షన్ నుంచి ఒకే ఫైల్‌లో వేర్వేరు సైజుల పేజీలు పెట్టుకోవచ్చు. తేదీని ఏ3 పేజీలో టైప్ చేసి, ఆల్ట్ పట్టుకుని డి నొక్కి క్లోన్ తీస్తాను. దాన్ని మిగతా పేజీల్లో కావలసినంత పెంచో తగ్గించో పెడతాను. ఆ తర్వాత అసలుదాన్ని దిద్దితే చాలు, అన్నీ మారిపోతాయి.

దీని విలువ ఒక కచేరీ ముందురోజు సాయంత్రం తెలిసొచ్చింది. వాన పడేలా ఉందని ఆరుబయటి వేదికను హాల్లోకి మార్చారు. సమయం 6 నుంచి 7కి జరిగింది. "ఎంతసేపు పడుతుందండీ?" అని అడిగిన నిర్వాహకుడి గొంతులో టెన్షన్ వినిపిస్తోంది. లైన్లోనే ఉండమని, అసలు పేజీలో 6 తీసి 7 కొట్టాను. పక్కనున్న పేజీలన్నింట్లోనూ అంకె ఒక్కసారిగా మారిపోయింది. ఆయన ఫోన్ పెట్టేసేలోపే స్టోరీ బొమ్మ చేతికి అందింది. ఆ క్షణాన నాకు కలిగిన ఆనందం ఇంత అని చెప్పలేను.

అయితే ఒక మాట. అన్నీ మారతాయన్నాను గానీ, వాటంతట అవే కుదురుకుంటాయని కాదు. కొత్త హాలు పేరు పొడుగ్గా ఉంది. ఏ3లో బాగానే పట్టింది. నిలువు పేజీలో మాత్రం గాయని భుజం మీదకు ఎక్కేసింది. క్లోన్‌ను చిన్నది చేయొచ్చు గానీ, అసలుదాంట్లో ఒక వరుసలో ఉన్నది క్లోన్‌లో రెండు వరుసలు కాదు. ఫోన్‌లో చూసేవాళ్లకు చదవడానికి వీలుగా ఉండాల్సింది అక్కడే కదా! చివరికి ఆ ఒక్కదాన్నీ అన్‌లింక్ చేసి, అంటే అసలుదానితో లంకె తెంచి, విడిగా రాశాను. అప్పటినుంచి తేదీ, సమయం, వేదిక మూడింటినీ విడివిడి ముక్కలుగానే పెడుతున్నా. వేదిక పేరు చుట్టూ ఖాళీ కూడా కాస్త ఎక్కువే వదులుతున్నా.

రంగుల సంగతి కూడా చూసుకోవాలి. నేను వాడే వెర్షన్ పని అంతా ఆర్‌జిబిలోనే, అంటే తెరలు వాడే ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల లెక్కలోనే. తెర మీద మెరిసే నారింజ, ముదురు నీలం ప్రెస్ సిరాల్లో కొంత మందగిస్తాయి. పెద్ద ముద్రణ ఉంటే ఫైల్‌ను పేజీలు కూర్చే స్క్రైబస్ సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్లి సీఎంవైకే, అంటే ముద్రణ సిరాల రంగులు అక్కడ సరిచూసుకుంటాను.

నేను ఒంటరిగా పనిచేస్తాను, నా పోస్టర్లలో ఎక్కువ భాగం ఫోన్లలోనే తిరుగుతాయి, మార్పులు ఆఖరి నిమిషంలో వస్తాయి. అందుకే నాకు ఇది సరిగ్గా సరిపోయింది. నలుగురు కలిసి ఒకే పోస్టర్‌ను ఒకేసారి దిద్దాల్సిన చోట ఆన్‌లైన్‌లో నడిచే టెంప్లేట్ సాధనాలే సుఖం. నిర్వాహకులే స్వయంగా తేదీ మార్చుకుంటామంటే కూడా అంతే.