డబ్ల్యూఎన్‌బీఏ: జనం వెల్లువ, పోటీ మాత్రం సగమే

అమెరికా మహిళల బాస్కెట్‌బాల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏని ఏళ్ల తరబడి సీజన్ వదలకుండా చూస్తున్నాక నా మార్కులివి: జనాదరణకి ఐదుకి నాలుగున్నర, జట్ల మధ్య సమతూకానికి మూడు.

జనాదరణకి ఇండియానా ఫీవర్ జట్టు ఒక్కటే చాలు. 2023లో సొంత మ్యాచ్‌లకి సగటున 4,067 మంది వచ్చారు. స్టార్ ఆటగత్తె కెయిట్లిన్ క్లార్క్ చేరిన 2024లో 17,036. అంతా ఒక్క అమ్మాయి చలవేనని పెదవి విరిచేవాళ్లు గోల్డెన్ స్టేట్ వాల్కిరీస్‌ని చూడాలి. 2025లో మొదలైన జట్టు, పేరు మోసిన స్టార్ లేదు, అయినా సొంత మ్యాచ్‌లు 22కి 22 హౌస్‌ఫుల్, ఒక్కోదానికి 18,064 మంది. తీరా ప్లేఆఫ్స్‌కి (నాకౌట్ దశ) చేరితే వాళ్ల సొంత మైదానం చేజ్ సెంటర్‌ని అప్పటికే లేవర్ కప్ టెన్నిస్‌కి ఇచ్చేశారు. శాన్ హోసేలో ఆడి మిన్నెసోటా చేతిలో 75-74తో పోయారు.

అసలు పేచీ పోటీ దగ్గరే. 2025లో జట్టు మొత్తం జీతాలు 15,07,100 డాలర్లు దాటకూడదన్న నియమం ఉండేది. పురుషుల లీగ్ ఎన్‌బీఏలోలా పన్ను కట్టి దాటే వీలుండేది కాదు. ఒక్కరికి గరిష్ఠ జీతం 2,49,244 డాలర్లు. ఆ లెక్కన ఆరుగురికిస్తే ఖజానా ఖాళీ! అందుకే చాలా జట్లు 12 మందికి బదులు 11 మందితో నెట్టుకొచ్చేవి. గాయాలొస్తే అంతే సంగతులు. ఆడగలిగేవాళ్లు పదిమంది కంటే తగ్గితేనే హార్డ్‌షిప్ ఒప్పందం మీద కొత్త మనిషిని తెచ్చుకునే వీలుండేది. గాయాలతో ఒకే రాత్రి కోల్సన్, మెక్‌డొనాల్డ్ ఇద్దరినీ పోగొట్టుకున్న ఫీవర్, ఆ దారిలోనే ఒడిస్సీ సిమ్స్‌ని తెచ్చుకుని సెమీస్ ఐదో మ్యాచ్‌ని ఓవర్‌టైమ్ దాకా లాగింది.

కొత్త ఆటగాళ్లని ఏ జట్టు ముందు ఎంచుకోవాలో తేల్చే డ్రాఫ్ట్ లాటరీలో వెనకబడ్డ జట్లకే మొగ్గు; దానికి రెండు సీజన్ల ఫలితాలు కలిపి చూస్తారు. ఒక్క ఏడాది కావాలని ఓడితే పెద్దగా గిట్టుబాటు కాదు, మంచి నియమం. కానీ పిక్‌ల (ఎంచుకునే వంతుల) బేరాలు దాన్ని నీరుగారుస్తున్నాయి. 2025లో 10 గెలుపులు, 34 ఓటములతో అడుగున పడ్డ షికాగో, తన 2026 మొదటి రౌండ్ పిక్‌ని ముందే మిన్నెసోటాకి ధారపోసింది. లాటరీలో అది రెండో నంబరు పలికింది. వెళ్లిందెవరికి? 34-10తో పట్టికలో మొదట నిలిచిన జట్టుకి.

పైవరుసలో మాత్రం రంజైన పోటీ. 2025 ఆగస్టు 2న అదే మిన్నెసోటా చేతిలో 111-58తో చిత్తయిన లాస్ వేగాస్ ఏసెస్, ఆ తర్వాత లీగ్ దశలో 16 వరసగా గెలిచి, ఫైనల్లో ఫీనిక్స్‌ని 4-0తో ఊడ్చేసింది.

కొత్తగా చూసేవాళ్లకి: అమెరికా తూర్పు తీరంలో రాత్రి 7 గంటల మ్యాచ్ మనకి తెల్లవారి 4:30కి, 10 గంటలది ఉదయం 7:30కి. వారాంతాల్లో అక్కడ మధ్యాహ్నం ఒంటిగంటకి మొదలయ్యేవి మనకి రాత్రి 10:30కే వస్తాయి, వాటితో మొదలెట్టండి. జూన్ పట్టిక చూసి జట్ల బలం అంచనా వేయొద్దు. యూరప్ దేశాల టోర్నీ యూరోబాస్కెట్ ఉన్న ఏడాది యూరప్ ఆటగాళ్లు మధ్యలో వెళ్లిపోతారు; 2025లో వాల్కిరీస్‌కి ఆ దెబ్బ గట్టిగానే తగిలింది.