పద్దెనిమిదేళ్లకు స్పోర్ట్స్ కారా, సెకండ్ హ్యాండ్ కారా, నాన్న కారా: ఏది మేలు?

ఇంటర్ అయిపోయి బీటెక్‌లో చేరే సమయానికి హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో కారు మాట మొదలవుతోంది. ఇది ఒకప్పటిలా బంజారాహిల్స్ బంగళాలకే పరిమితమైన గొడవ కాదు. కోకాపేట వైపు భూములు కలిసొచ్చినవాళ్లు, వ్యాపారం నిలదొక్కుకున్నవాళ్లు, ఇద్దరూ సాఫ్ట్‌వేర్ జీతాలు తెచ్చుకునేవాళ్లు కూడా పిల్లాడు అడిగితే ఒక్క క్షణం ఆలోచిస్తున్నారు. 'మంచి ర్యాంకు తెచ్చుకో, నీకు నచ్చిన కారు' అని ముందే మాటిచ్చేసి, తీరా ర్యాంకు వచ్చాక తల పట్టుకున్నవాళ్లూ ఉన్నారు. (ర్యాంకు రాదన్న ధీమాతో ఇచ్చిన మాటలు కాబోలు.)

పిల్లాడికి పద్దెనిమిది నిండకపోతే అసలు పోలికే అనవసరం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ సెక్షన్ చేర్చారు. మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులో, బండి యజమానో తప్పు చేసినట్టే లెక్క. 'నాకు తెలియకుండా తీసుకెళ్లాడు' అంటే సరిపోదు, దాన్ని వాళ్లే నిరూపించుకోవాలి. మూడేళ్ల వరకు జైలు, 25 వేల జరిమానా, ఏడాది పాటు బండి రిజిస్ట్రేషన్ రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ ఇవ్వరు. 2024 మేలో పుణెలో 17 ఏళ్ల కుర్రాడు పోర్షే కారుతో ఇద్దరు ఐటీ ఉద్యోగుల ప్రాణాలు తీసిన కేసు అందరికీ గుర్తుండే ఉంటుంది. అన్ని కోట్ల ఇంటి కారుకు 1,758 రూపాయల ఫీజు కట్టక రిజిస్ట్రేషన్ పూర్తి కాలేదని తర్వాత బయటపడింది. డబ్బుకీ జాగ్రత్తకీ సంబంధం లేదనడానికి నాకు ఇంతకంటే ఏమీ అక్కర్లేదు.

ఇక పద్దెనిమిది నిండినవాళ్ల సంగతి. స్పోర్ట్స్ కారు, సొంతంగా ఒక సెకండ్ హ్యాండ్ చిన్న కారు, ఇంట్లో ఉన్న కారునే పంచుకోవడం, బైక్, ఏదీ లేకుండా మెట్రో. మామూలుగా మన ముందు ఉండే దారులు ఇవే.

స్పోర్ట్స్ కారు

స్పోర్ట్స్ కారు అనగానే చావుబండి అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. బ్రేకుల్లో, టైర్ల పట్టులో, ఎయిర్‌బ్యాగుల్లో దానికీ పాత ఆల్టోకీ నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. కుక్క అడ్డం వస్తే అది ఆగినంత తొందరగా చిన్న కారు ఆగలేదు. ఒకే వేగంతో, ఒకే గోడకు కొడితే లోపల ఉన్నవాడు బతికే అవకాశం ఖరీదైన కారులోనే ఎక్కువ.

చిక్కల్లా ఆ 'ఒకే వేగం' దగ్గరే ఉంది. ఆ కారు కొన్నవాడు ఆ వేగంతో పోడు. వేగం రెట్టింపైతే గుద్దే శక్తి నాలుగు రెట్లవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల మీద కళ్లు చూసి కాలు కదిలేలోపు, ఒక సెకను అనుకుంటే, బండి 16 మీటర్లకు పైగా వెళ్లిపోతుంది. 120 మీద అది 33 మీటర్లు. బ్రేక్ ఎంత ఖరీదైనదైనా ఈ 33 మీటర్లలో అది చేసేదేమీ లేదు, ఎందుకంటే అప్పటికి ఎవరూ దాన్ని తొక్కనే లేదు. 2017 మేలో అప్పటి ఆంధ్రప్రదేశ్ మంత్రి నారాయణ కొడుకు, అతని స్నేహితుడు వెళ్తున్న బెంజ్ కారు జూబ్లీహిల్స్ రోడ్ నంబర్ 36లో మెట్రో పిల్లర్‌ను ఢీకొంది. ఇద్దరూ చనిపోయారు. అది అన్ని భద్రతలూ ఉన్న బండే.

కొత్తగా లైసెన్స్ తెచ్చుకున్నవాళ్లకు ఎంత పవర్ అయితే ఎక్కువ అని కొలవడానికి ఆస్ట్రేలియాలో ఒక లెక్క ఉంది. న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా లాంటి రాష్ట్రాల్లో కారు బరువులో టన్నుకు 130 కిలోవాట్లు దాటే ఇంజిన్ ఉన్న బండిని కొత్త డ్రైవర్లు నడపకూడదు. మన దగ్గర ఆ రూల్ లేదు కానీ ఆ కొలత మనమూ వాడుకోవచ్చు. మన దేశంలో అమ్మిన ఫోర్డ్ మస్టాంగ్‌కూ, పోర్షే 718 కేమన్‌కూ ఇది 160 దాటుతుంది. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కు 80 దగ్గర ఉంటుంది. టాటా టియాగోకు 60 పైచిలుకు. అంటే 'స్పోర్టీగా' కనిపించే కారు వేరు, స్పోర్ట్స్ కారు వేరు. పిల్లాడికి కావలసింది ఎర్ర గీతలు, లావు సైలెన్సర్ శబ్దమే అయితే ఐ20 ఎన్ లైన్‌తో చాలామంది తృప్తి పడతారు. ఇది బేరం ఆడడానికి పనికొచ్చే విషయం, గుర్తు పెట్టుకోండి.

పోనీ కొన్నారే అనుకుందాం. ఎక్కడ నడుపుతాడు? గ్రేటర్ హైదరాబాద్‌లో డివైడర్ ఉన్న రోడ్డు మీద కార్లకు వేగ పరిమితి గంటకు 60 కిలోమీటర్లు, డివైడర్ లేకపోతే 50, కాలనీల్లో 30. ఊరి చుట్టూ ఉన్న ఓఆర్ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) మీద మొదటి రెండు లేన్లలో 120, మిగతా రెండింట్లో 80. ఊళ్లో మిగిలింది తోలిచౌకి దగ్గర వానకు నిలిచే నీళ్లు, కేబుల్ కోసం తవ్వి సగం పూడ్చిన రోడ్లు, ఎవరింటి ముందు వాళ్లు పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు. ఆ కార్లు స్పీడ్ బ్రేకర్ ఎక్కేటప్పుడు ఎప్పుడైనా గమనించారా? ముందు పూర్తిగా ఆగుతాయి. తర్వాత ఏటవాలుగా తిరిగి, ఒక్కో చక్రమే ఎక్కిస్తూ, కింద గీరుకుంటుందేమోనని కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తూ దాటిస్తారు. వెనకాల ఆటోవాడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడు. కోటిన్నర పెట్టి కొన్న బండిని అలా నత్తనడకన నడిపిన పిల్లాడికి రాత్రి పదకొండు తర్వాత ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్లు ఖాళీగా కనిపిస్తే ఏం చేయాలనిపిస్తుందో చెప్పక్కర్లేదు.

ఖర్చు గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ఇంత ఖరీదు బండికి తెలంగాణలో లైఫ్ ట్యాక్సే ధరలో ఐదో వంతుకు దగ్గరగా పోతుంది. ఆ పన్ను డబ్బుతో నాలుగు మామూలు కార్లు కొనొచ్చు.

బైక్ అయితే చవకలో పోతుందా?

'కారెందుకురా, బైక్ తీసుకో' అని రాజీ కుదుర్చుకునే తల్లిదండ్రులే ఎక్కువ. నా దృష్టిలో ఈ మొత్తం జాబితాలో పిల్లాడి ప్రాణానికి అన్నిటికంటే చెడ్డ బేరం ఇదే. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయిన లక్షా 68 వేల మందిలో దాదాపు 45 శాతం టూవీలర్ల మీద ఉన్నవాళ్లే. 2011 సెప్టెంబరులో మాజీ క్రికెట్ కెప్టెన్ అజారుద్దీన్ 19 ఏళ్ల కొడుకు ఓఆర్ఆర్ మీద వెయ్యి సీసీ బైక్ ప్రమాదంలో గాయపడి చనిపోయాడు. బండి మీద ఉన్న బంధువుల అబ్బాయి కూడా పోయాడు. ఓఆర్ఆర్ మీదకు అసలు టూవీలర్లకు అనుమతే లేదు.

స్పోర్ట్స్ కారు పక్కవాడికి ఎక్కువ ప్రమాదం, బైక్ నడిపేవాడికి ఎక్కువ ప్రమాదం. 2019 నవంబరులో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మొదలైన నెలలోనే అతివేగంగా వచ్చిన కారు ఒకటి పైనుంచి కింద రోడ్డు మీద పడింది. చనిపోయింది కింద నిలబడి ఉన్న ఒక మహిళ. కారు కొనేటప్పుడు మనం మన పిల్లాడి గురించే లెక్కలేస్తాం. ఆ కింద ఉన్నావిడ ఎవరి లెక్కలోనూ ఉండదు.

సొంతంగా ఒక చిన్న కారు

కాలేజీ దూరంగా ఉండి, మెట్రో అందని చోట ఇల్లు ఉంటే ఇది సబబైన దారే. కానీ 'ఎలాగూ గీతలు పడతాయి కదా, ఏదో పాతది కొందాం' అని మరీ పాతది కొనకండి. కార్లకు ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది), డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2019లో. ముందు సీట్లో రెండో ఎయిర్‌బ్యాగ్ అన్ని కార్లకూ 2022 నుంచి వచ్చింది. కాబట్టి 2022 తర్వాతి బండి దొరికితే మేలు. క్రాష్ టెస్టులో టియాగోకు నాలుగు స్టార్లు, ఆల్ట్రోజ్, పంచ్‌లకు ఐదేసి వచ్చాయి. ఇవన్నీ సెకండ్ హ్యాండ్‌లో దొరికేవే. ఆర్సీ, ఇన్సూరెన్స్ పేరు మార్పించుకోవడం, పాత చలాన్లు ఎన్ని ఉన్నాయో ఆన్‌లైన్‌లో చూసుకోవడం మామూలే. హైదరాబాద్‌లో బండి కంటే చలాన్ల జాబితా పొడుగ్గా ఉన్న సందర్భాలు ఉంటాయి.

దీనిలో నాకు నచ్చనిది ఒక్కటే. చిన్నదైనా పెద్దదైనా, తాళం పిల్లాడి జేబులో ఉంటుంది. ఎక్కడికెళ్తున్నాడో చెప్పాల్సిన పని ఉండదు.

నాన్న కారు

నా ఓటు దీనికే. కనీసం మొదటి రెండేళ్లు.

మా అక్కావాళ్లది కూకట్‌పల్లి. మేనల్లుడు బీటెక్ ఫస్టియర్‌లో చేరగానే సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ ఫొటో ఒకటి ఫోన్లో పెట్టుకుని తిరిగాడు. నా దగ్గరికీ వచ్చాడు, 'మామయ్యా, మీరైనా నాన్నకి చెప్పండి' అని. బావ కాదనలేదు, ఔననలేదు. 'ముందు మన కారు సెల్లార్‌లోంచి బయటికి తియ్యి' అన్నాడు. వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్ చూస్తే ఆ మాటకు అర్థం తెలుస్తుంది. ర్యాంప్ నిటారుగా ఉంటుంది. ఎక్కేటప్పుడు బానెట్ తప్ప ఏమీ కనిపించదు. పైకి రాగానే గేటు, గేటు దాటితే ఎడమవైపు ట్రాన్స్‌ఫార్మర్, కుడివైపు కొబ్బరిబోండాల బండి. మావాడు హాఫ్ క్లచ్ మీద బండి ఆపలేక రెండుసార్లు వెనక్కి జారాడు. మూడోసారి ఎడమవైపు వెనక డోరు గేటు స్తంభానికి రాసుకుంది. బావ పక్క సీట్లో కూర్చుని కుడికాలితో ఫ్లోర్ మ్యాట్‌ను గట్టిగా తొక్కుతున్నాడు. 'నాన్నా, అక్కడ బ్రేక్ లేదు' అన్నాడు వాడు. 'నాకు తెలుసురా, నా కాలికి తెలీదు' అన్నాడు బావ. డోరు మీద ఆ గీత ఇంకా ఉంది. బావ కావాలనే బాగు చేయించలేదు.

ఇక అసలు లాభం. కారు కావాలంటే అడగాలి. 'నాన్నా, సాయంత్రం కారు తీసుకెళ్లనా?' 'ఎక్కడికి? ఎవరెవరు? ఎన్నింటికొస్తావ్?' ఈ నాలుగు ముక్కలూ ఏ జీపీఎస్ ట్రాకర్ కంటే ఎక్కువ పని చేస్తాయి. ముఖ్యంగా 'ఎవరెవరు' అన్నది. డ్రైవర్ టీనేజర్ అయినప్పుడు పక్కన ఈడువాళ్లు ఎక్కినకొద్దీ ప్రమాదం పెరుగుతుందని అమెరికాలో పరిశోధనలు తేల్చాయి. అందుకే అక్కడ చాలా రాష్ట్రాలు కొత్త డ్రైవర్ల కారులో ఎంతమంది తోటి పిల్లలుండాలి, రాత్రి ఎంతవరకు తిరగాలి అని హద్దులు పెట్టాయి. మన దగ్గర లైసెన్స్ చేతికొచ్చిన మర్నాడే ఐదుగురిని ఎక్కించుకుని శ్రీశైలం బయల్దేరొచ్చు. ఆ హద్దు పెట్టాల్సింది ఇంట్లోనే.

ఇబ్బందులు లేవని కాదు. ఆఫీసుకు కారు కావాల్సిన రోజే వాడికీ ఏదో ఫెస్ట్ ఉంటుంది. పెట్రోల్ రిజర్వ్‌లోకి వచ్చాక తెచ్చి పెడతాడు. ఏసీ పద్దెనిమిది మీద, పాటల సౌండ్ చివరిదాకా ఉంటాయి. ఇద్దరికీ రోజూ చిన్న తగాదా. హాస్టల్లో ఉండే పిల్లలకు ఈ దారి అసలు కుదరదు.

మెట్రో గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఎంత దూరం వెళ్లినా టికెట్ 70 రూపాయల లోపే. కాలేజీ స్టేషన్‌కు దగ్గరగా ఉంటే ఆలోచించకుండా ఇదే. గండిపేట, మొయినాబాద్ వైపు, ఘట్‌కేసర్ వైపు కాలేజీలవాళ్లకు ఇది సలహా కాదు, వెక్కిరింపు.

నిజంగా వేగమంటే ఇష్టమైతే

కొందరు పిల్లలకు కారు గొప్ప కోసం కాదు, నిజంగానే నడపడం అంటే పిచ్చి. ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగినప్పుడు ఎండలో నిలబడి చూసిన కుర్రాళ్లు వీళ్లే. వీళ్లకు వద్దని చెప్పి ఊరుకుంటే లాభం లేదు. శంషాబాద్ వైపు కార్టింగ్ ట్రాక్‌కు పంపండి. అక్కడ సరదా తీరకపోతే కోయంబత్తూరు కారీ స్పీడ్‌వే, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉన్నాయి. శిక్షణ, హెల్మెట్, సూట్ అన్నీ కలిపినా స్పోర్ట్స్ కారు ఇన్సూరెన్స్ అంత కాదు. పైగా ట్రాక్ మీద ఒకసారి మలుపులో బండి గిర్రున తిరిగిపోతే వేగం గురించి వాడికి మనం చెప్పలేనిది అదే చెబుతుంది. మా మేనల్లుడు ఇప్పుడు మస్టాంగ్ మాట తగ్గించి ల్యాప్ టైముల గురించి మాట్లాడుతున్నాడు. బావకు అది అర్థం కాకపోయినా వింటున్నాడు.

ఇదంతా చదివాక కూడా స్పోర్ట్స్ కారే కొనాలని నిశ్చయించుకున్నవాళ్లు ఉంటారు. డబ్బు మీది, పిల్లాడు మీవాడు. ఇరవై ఒకటి దాటేదాకా ఆగండి. ఆర్సీ మీ పేరునే ఉంచండి. రెండో తాళమే కాదు, మొదటి తాళం కూడా మీ బీరువాలోనే పెట్టండి. బండి తెచ్చిన మొదటి నెల ఎక్కడికెళ్లినా పక్క సీట్లో మీరే కూర్చోండి. అంత తీరిక లేదంటే కొనడం అప్పటిదాకా వాయిదా వేసుకోండి.