ఎల్స్విక్ మేలా, వూలిచ్ మేలా?

పెద్ద ఫిరంగులు ప్రభుత్వమే చేసుకోవాలా, ప్రైవేటు కంపెనీకి అప్పగించాలా? పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో బ్రిటన్‌ని ఈ గొడవ వదల్లేదు. ప్రభుత్వానికి థేమ్స్ ఒడ్డున వూలిచ్‌లో రాయల్ ఆర్సెనల్ అనే ఆయుధాల కార్ఖానా ఉంది. ప్రైవేటు వైపు న్యూకాజిల్ దగ్గర, టైన్ ఒడ్డున, విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ పెట్టిన ఎల్స్విక్ కార్ఖానా ఉంది. పనితనంలో నా ఓటు ఎల్స్విక్‌కే. అమ్మకం దగ్గరికొస్తే మాత్రం వూలిచ్‌కి.

వయసులో వూలిచ్ చాలా పెద్దది. 1671 నుంచే అక్కడ ఆయుధాల నిల్వ ఉంది, 1717లో ఫిరంగులు పోతపోసే ఫౌండ్రీ వచ్చింది. ఎల్స్విక్ 1847లో మొదలైంది, అదీ నీటి ఒత్తిడితో నడిచే క్రేన్లు చేస్తూ. ఆర్మ్‌స్ట్రాంగ్ అసలు వృత్తి వకాలత్. క్రిమియా యుద్ధంలో బరువైన ఫిరంగులు లాగలేక సైనికులు పడ్డ పాట్లు తెలిశాక, తేలికగా ఉండే ఫిరంగి ఒకటి తయారుచేశాడు. దాని గొట్టం లోపల మెలి గాడులుంటాయి, గుండు వెనక నుంచి పెడతారు. 1859లో ఆ పేటెంట్లు ప్రభుత్వానికి ఊరికే ఇచ్చేశాడు. ప్రతిగా సర్ బిరుదుతో పాటు వూలిచ్ ఫిరంగుల ఫ్యాక్టరీ పెత్తనమూ దక్కింది. ఎల్స్విక్‌కి ఆర్డర్లూ వచ్చాయి! ఈ రోజుల్లో అయితే పత్రికలు ఊరుకునేవి కావు.

ఆ పొత్తు నాలుగేళ్లు తిరక్కుండానే చెడింది. వెనక మూత సరిగా నిలవదని ఫిర్యాదులొచ్చాయి, ప్రభుత్వం ఆర్డర్లు ఆపేసింది, 1863లో ఆయన రాజీనామా చేశాడు. వూలిచ్ మళ్లీ మూతి నుంచి మందు కూరే పాత పద్ధతికే వెళ్లింది. చవక, మొండి సరుకు కాబట్టి ఆ నిర్ణయాన్ని పూర్తిగా తప్పుపట్టలేం. కానీ 1879లో థండరర్ యుద్ధనౌక మీద, ఒకసారి నింపిన ఫిరంగిలోనే తెలియక మళ్లీ నింపి కాల్చారు. అది పేలి 11 మంది చనిపోయారు. వెనక నుంచి నింపేదయితే లోపల గుండు ఉన్న సంగతి కంటికి కనిపించేది. ఆ తర్వాతే నౌకాదళం పాత పద్ధతిని వదిలింది.

నది విషయంలో ఎల్స్విక్ కథే రుచిగా ఉంటుంది. కార్ఖానాకీ సముద్రానికీ మధ్య టైన్ మీద 1781 నాటి రాతి వంతెన ఒకటి అడ్డం. పెద్ద ఓడలు దాన్ని దాటి పైకి రాలేవు. దాన్ని పడగొట్టి, పక్కకు తిరిగి దారిచ్చే స్వింగ్ బ్రిడ్జి కట్టారు. దాన్ని తిప్పే యంత్రాలు ఎల్స్విక్‌వే. 1876లో దాని గుండా మొదట వెళ్లింది ఇటలీ ఓడ యూరోపా, 100 టన్నుల ఫిరంగిని ఎక్కించుకోడానికి. (ఇంతా చేసి అదీ మూతి నుంచి నింపేదే.) వూలిచ్ అప్పటిదాకా చేసిన వాటిలో అతి పెద్దది 80 టన్నులు. ఇటలీ దగ్గర అంత ఫిరంగి ఉందని కంగారుపడి, బ్రిటన్ మాల్టా, జిబ్రాల్టర్‌ల కోసం అలాంటివే నాలుగు ఎల్స్విక్ దగ్గరే కొనుక్కుంది. 1884లో కార్ఖానా పక్కనే నౌకా నిర్మాణ కేంద్రం కూడా తెరిచారు. ఓడ కట్టడం, దానికి ఫిరంగులు బిగించడం ఇక ఒక్కచోటే.

నాకు ఎల్స్విక్ నచ్చనిది ఇక్కడే. స్వదేశంలో ఆర్డర్లు పోయాక ఎవరు డబ్బిస్తే వాళ్లకి అమ్మింది. అమెరికా అంతర్యుద్ధంలో రెండు పక్షాలకూ అమ్మింది. 1894లో యాలు నది సముద్రంలో కలిసే చోట చైనా, జపాన్ నౌకాదళాలు తలపడినప్పుడు ఇరువైపులా ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ కట్టిన క్రూయిజర్లున్నాయి. వాటిలో చైనాకి చెందిన ఝియువాన్ మునిగిపోయింది. వూలిచ్‌కి ఇలా సంత పెట్టుకునే వీలే లేదు, దాని పని సొంత సైన్యానికి సరఫరా చేయడం.

కార్మికుల సంగతికొస్తే ఆర్మ్‌స్ట్రాంగ్‌కి మంచి మార్కులు పడవు. 1871లో రోజుకి తొమ్మిది గంటల పని కోసం న్యూకాజిల్ ఇంజినీరింగ్ కార్మికులు సమ్మె చేస్తే, యజమానుల వైపు నడిపించింది ఆయనే. విదేశాల నుంచి మనుషుల్ని దించారు. అయినా కార్మికులే గెలిచారు. వూలిచ్ కార్మికులు 1868లో సొంత సహకార సంఘం పెట్టుకున్నారు, 1886లో ఫుట్‌బాల్ జట్టు. ఆ జట్టే ఇప్పటి ఆర్సెనల్.

మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక రెండింటికీ ఒకటే సమస్య: ఫిరంగులు అక్కర్లేదు, మనుషులకు పని కావాలి. రెండూ రైలింజన్ల వైపే చూశాయి. ఆర్మ్‌స్ట్రాంగ్ కంపెనీ ఎల్స్విక్ పొరుగున ఉన్న స్కాట్స్‌వుడ్‌లో ఆ పని పెట్టింది. ఇందులోనూ ప్రైవేటు కంపెనీదే పైచేయి, ఎందుకంటే వూలిచ్‌లా ఒకసారి చేసి ఆపకుండా విదేశాలకు కూడా అమ్ముకుంటూ ఏళ్లపాటు నడిపింది. 1930ల చివర మళ్లీ యుద్ధ సన్నాహాలు మొదలవగానే స్కాట్స్‌వుడ్ కూడా ఆయుధాలకే తిరిగింది.