ముఖాన్ని మార్చాలా, వెలుగును సరిచేయాలా? పోర్ట్రెయిట్ ఎడిటింగ్‌లో ఏది మేలు

తిరుచానూరులో ఒక పెళ్లి, తెల్లవారుజామున ముహూర్తం. పెళ్లికూతురికీ పెళ్లికొడుక్కీ బుగ్గచుక్కలు పెట్టారు. నాలుగు రోజుల తర్వాత ఫోటోలు చూపిస్తుంటే పెళ్లికూతురు వాళ్లమ్మ ఒక క్లోజప్ దగ్గర ఆగిపోయింది. "చుక్క నా చేత్తోనే పెట్నాను కదా నాయనా, ఏమైంది?" అని అడిగింది. మొటిమలు, మచ్చలు తీసేసే ఆటోమేటిక్ టూల్‌ను ఫోల్డర్ మొత్తానికి ఒకేసారి పెట్టింది నేనే. దానికి మొటిమకూ బుగ్గచుక్కకూ తేడా ఏం తెలుస్తుంది? ఒరిజినల్స్ ఉన్నాయి కాబట్టి మళ్లీ చేసి ఇచ్చాను. కానీ ఆవిడ అడిగిన మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

తిరుపతిలో స్టూడియో నడిపే నాకు ప్రతి ఫోటో దగ్గరా మూడు దారులు కనిపిస్తాయి. ఒకటి ఫోన్ ఫిల్టర్. రెండోది కూర్చుని చర్మం మొత్తం చెక్కే పూర్తి రీటచింగ్. మూడోది తక్కువ ఎడిటింగ్, అంటే వెలుగూ రంగూ సరిచేసి, అవసరమైన ఒకటి రెండు చోట్ల మాత్రమే చెయ్యి పెట్టి వదిలేయడం. మూడూ చేశాను కాబట్టి దేని సంగతేంటో చెప్తాను.

ఫిల్టర్ పని రెండు సెకన్లు. స్టేటస్‌లో ఒక రోజు ఉండి పోయే ఫోటోకి అది చాలు, నాకేం అభ్యంతరం లేదు. ఇబ్బంది పెద్ద ప్రింట్ దగ్గర మొదలవుతుంది. ఇంట్లో పెద్దాయన పోతే పెద్దకర్మ లోపల ఫోటో కట్టించాలని కొడుకులు వస్తారు. చేతిలో ఉండేది ఏదో ఫంక్షన్‌లో బ్యూటీ మోడ్ ఆన్‌లో పెట్టి తీసిన ఫోటో, అదీ ఎవరో మెసేజ్‌లో పంపింది. 12×18 అంగుళాల ప్రింట్ నాణ్యంగా రావాలంటే అంగుళానికి 300 పిక్సెళ్ల లెక్కన 3600×5400 కావాలి. వాళ్లు తెచ్చిన దాంట్లో పొడుగు వైపు 1600 ఉంటే అంగుళానికి 89 మాత్రమే వస్తాయి. అంతవరకైతే ఏదో సర్దుకోవచ్చు. ఫిల్టర్ చెరిపేసిన నుదుటి గీతలూ, మీసం వెంట్రుకలూ మాత్రం తిరిగి రావు. జేపీఈజీగా, అంటే ఫోన్ దాచుకునే మామూలు ఫోటో ఫైల్‌గా సేవ్ అయ్యేటప్పుడే అవి పోయాయి. కొడుకు ఫోటో వంక చూసి "నాయన ఇట్లా ఉండడే" అంటాడు. ఏం చెప్పాలి? అందుకే ఎవరు కనిపించినా చెప్తాను, ఇంట్లో పెద్దవాళ్లను తీసే ముందు ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లోకి వెళ్లి బ్యూటీ మోడ్ ఆఫ్ చేయండి అని. చాలా ఫోన్లలో అది ఆన్‌లో ఉన్నట్టు కూడా తీసేవాళ్లకు తెలియదు.

పూర్తి రీటచింగ్‌ను మాత్రం తేలిగ్గా తీసిపారేయను. నాకు పని నేర్పినాయన నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో గుంటలు పూడ్చేవాడు. ముఖం నెగటివ్‌లో గోరంత ఉంటుంది, చెయ్యి వణికితే అంతే. ఇప్పుడు అదే పని ఫ్రీక్వెన్సీ సెపరేషన్‌తో చేస్తున్నాం. ఫోటోను రెండు పొరలుగా విడదీస్తాం. ఒకదాంట్లో రంగు, నీడలు ఉంటాయి, రెండోదాంట్లో చర్మం మీది సన్నటి గరుకు, వెంట్రుకలు ఉంటాయి. రంగు పొరను నున్నగా చేసినా గరుకు పొర అలాగే ఉంటుంది కాబట్టి, ఓపిగ్గా చేస్తే చర్మం చర్మంలాగే కనిపిస్తుంది. ఒక్కో ముఖానికి గంట, గంటన్నర పడుతుంది. నగల దుకాణం హోర్డింగ్‌కీ, మేకప్ ఆర్టిస్ట్ ఆల్బమ్‌కీ ఇదే సరైనది. పెళ్లిలో 2,000 ఫోటోలకు ఇది కుదరదు. గడువు దగ్గరపడితే టెన్షన్‌లో అందరం చేసేది ముఖం మీద బ్లర్ కొట్టేయడమే, అప్పుడు పెళ్లికూతురు షోకేసులో బొమ్మలా వస్తుంది. ఇంకొకటి, ప్రకటనల్లో అలాంటి ముఖాలే చూసి చూసి మామూలు చర్మమే లోపంలా అనిపించడం మొదలైంది. నార్వేలో 2022 జూలై నుంచి, ప్రకటనలో మనిషి ఆకారాన్నో చర్మాన్నో మారిస్తే ఆ సంగతి ఫోటో మీద లేబుల్‌తో చెప్పాల్సిందే. అక్కడ చట్టం దాకా వెళ్లారంటే ఊరికే కాదు.

ఇక నా ఓటు పడేది తక్కువ ఎడిటింగ్‌కే. నాకు ఫోటోకి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది, అందులో సగం రంగుకే పోతుంది. వెలుగు రంగును కెల్విన్లలో కొలుస్తారు, అంకె తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం వైపు. మండపంలో పసుపు బల్బులు 3,200 కెల్విన్ దగ్గర ఉంటే, వీడియోవాళ్ల ఎల్‌ఈడీ లైటు 5,600 దగ్గర ఉంటుంది. ఒక చెంప పసుపుగా, ఇంకో చెంప నీలంగా పడుతుంది. కెమెరా తనంతట తానే రంగు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్‌కి వదిలేస్తే పెళ్లికూతురి ముఖానికి రాసిన పసుపును కూడా తప్పు రంగని అనుకుని తగ్గించేస్తుంది. అందుకే మొదట్లోనే పెళ్లికూతురి చేతికి గ్రే కార్డు, అంటే ఏ రంగూ కలవని బూడిద అట్ట ఇచ్చి ఒక ఫోటో తీసుకుంటాను. తర్వాత అన్నింటికీ అదే ఆధారం. పసుపు పసుపులా ఉండాలి, పాదాల పారాణి పారాణిలా ఉండాలి. ఆ రోజు అవి ఉన్నాయి కదా.

"కొంచెం ఫెయిర్‌గా చెయ్యన్నా" అని చాలామంది అడుగుతారు. అది ఎలా జరుగుతుందో చెప్తే సగం మంది వద్దంటారు. మనిషి చామనఛాయ అయినా తెలుపైనా చర్మం రంగు ఎక్కువగా నారింజ వైపే ఉంటుంది. ఎడిటింగ్‌లో ఆరెంజ్ వెలుగు పెంచితే ముఖం తెల్లబడుతుంది. దాంతోపాటు బంతిపూల దండ, చందనం, మెడలో బంగారం కూడా వెలవెలబోతాయి. చెల్లెల్ని తెల్లగా చేస్తే పక్కనే నిలబడ్డ అక్క నల్లగా కనబడుతుంది. ఒక్కరి కోసం ఫోటో మొత్తం అబద్ధం చెప్పాల్సి వస్తుంది. నేను మనిషి మీద పడ్డ వెలుగు పెంచుతాను, మనిషి రంగు జోలికి పోను.

ఎక్స్‌పోజర్ తక్కువైతే కాస్త పెంచడం, కళ్లకింద నీడ కొద్దిగా తేల్చడం, ఇవన్నీ రా ఫైల్, అంటే కెమెరా పట్టినదంతా కుదించకుండా దాచిన ఫైల్ ఉంటేనే సాఫీగా అవుతాయి. 14 బిట్ల రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 16,384 స్థాయిలు ఉంటాయి, జేపీఈజీలో 256. మిట్టమధ్యాహ్నం అలిపిరి దగ్గర తీసిన ముఖంలో కంటి గుంటలు నల్లబడితే, రా నుంచి అయితే లాగగలం. ఇంకా మేలు, అక్కడే చెట్టు నీడలోకి జరపడం, ఎదురుగా తెల్ల పంచె ఒకటి పట్టించడం. ఐదు నిమిషాల ఎడిటింగ్ అక్కడే తప్పిపోతుంది.

కొండ దిగి వచ్చే కుటుంబాలు గుండ్లతోనే గ్రూప్ ఫోటో దిగుతాయి. కొత్తగా గీసిన తల ఎండ తగలక ముఖం కన్నా తెల్లగా ఉంటుంది, దానిమీద చందనం. పూర్తి రీటచింగ్ అలవాటున్నవాళ్లు తలనూ ముఖాన్నీ ఒకే రంగులో కలిపేస్తారు. అది తప్పు. ఆ తేడానే ఆ రోజు మొక్కు తీరిందని చెప్తుంది. నేను తగ్గించేది ఫ్లాష్ పడ్డ చోట మెరుపు ఒక్కటే.

మచ్చల విషయంలో నా లెక్క తేలిక. రెండు వారాల్లో దానంతటదే పోయేదైతే తీసేస్తాను, అంటే మొటిమ, దోమకాటు, గడ్డం గీసుకుంటూ తెగిన గాటు. ఎప్పటికీ ఉండేది పుట్టుమచ్చైనా గాయం గుర్తైనా ఉంచుతాను. మనిషి వచ్చి స్వయంగా తీసేయమని అడిగితే అది వాళ్ల ముఖం, వాళ్లిష్టం. పక్కనున్నవాళ్లు అడిగితే మాత్రం చెయ్యను.

పూతలపట్టు దగ్గర పల్లె నుంచి ఒక అవ్వను మనవరాలు తీసుకొచ్చింది. రెండు వైపులా ముక్కుపుడకలు, బరువుకు సాగిన చెవి తమ్మెలు, గడ్డం కింద అర్ధరూపాయంత కాలిన మచ్చ. "ముడతలు తగ్గించి, ఆ మచ్చ కూడా తీసేయండన్నా" అంది మనవరాలు. రెండు రకాలుగా చేసి పక్కపక్కన పెట్టాను. అవ్వ నున్నగా చేసిన దాన్ని కాసేపు చూసి "ఎవురిది?" అంది. రెండోదాంట్లో మచ్చ మీద వేలు పెట్టి, "బెల్లం కాచేటప్పుడు పాకం చిందింది. మీ నాయన అప్పుడు కడుపులో ఉన్నాడు" అని మనవరాలికి చెప్పింది. ఆ పిల్లకు ఆ సంగతి అప్పటిదాకా తెలియదట. ఇద్దరూ అక్కడే స్టూళ్ల మీద కూర్చుని చాలాసేపు మాట్లాడుకున్నారు.

ఆ ఫోటోలో నేను చేసింది ఇంతే. భుజం మీద వేలాడే దారప్పోగు తీశాను, ముక్కు మీద మెరుపు తగ్గించాను, కళ్లలో వెలుగు ఒక్క పిసరు పెంచాను. 12×18 ఒకటి, పర్సులో పెట్టుకునేవి నాలుగు ఆర్డర్ ఇచ్చి వెళ్లారు.