విద్యార్థుల్లో కుంగుబాటును ముందే గుర్తించడానికి ప్రశ్నావళి మేలా, కృత్రిమ మేధ మేలా?

కళాశాలలు నడిపేవారు, పిల్లల తల్లిదండ్రులు ఈమధ్య పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది. విద్యార్థుల్లో కుంగుబాటు ముదరకముందే పసిగట్టడానికి కృత్రిమ మేధతో పనిచేసే వ్యవస్థను తెచ్చుకోవాలా, లేక కౌన్సెలర్లు చాలాకాలంగా వాడుతున్న ప్రశ్నావళితోనే సరిపెట్టుకోవాలా? ఎక్కువమంది దీనికి జవాబును ఖచ్చితత్వం అంకెల్లో వెతుకుతారు. ఆ అంకెలు అవసరమే, కాని తేల్చవలసిన అసలు విషయం వాటి తరువాత వస్తుందని నా అభిప్రాయం.

ముందుగా ప్రశ్నావళి సంగతి. ఎక్కువగా వాడుకలో ఉన్నది స్పిట్జర్, క్రోయెంకె, విలియమ్స్ అనే పరిశోధకులు 2001లో ప్రచురించిన పీహెచ్‌క్యూ-9. గడిచిన రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలుంటాయి. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27; మార్కులు ఎక్కువైతే కుంగుబాటు ఎక్కువన్నట్టు. పదిని హద్దుగా పెట్టుకున్నప్పుడు, ఆ తొలి అధ్యయనంలో తీవ్రమైన కుంగుబాటు ఉన్నవారిలో 88 శాతం మందిని అది పట్టుకుంది, లేనివారిలో 88 శాతం మందిని లేనట్టే చూపింది. కౌమార వయసువారికి కొద్దిగా మార్చిన రూపం కూడా ఉంది. దీని లోపాలు దాచవలసినవేమీ కావు. చెప్పకూడదనుకున్న విద్యార్థి తొమ్మిదింటికీ సున్నా పెట్టి కాగితం తిరిగి ఇచ్చేయగలడు. ఏడాదికి ఒకటి రెండుసార్లు మాత్రమే ఇస్తే మధ్యలో గడిచిన నెలల గురించి అది ఏమీ చెప్పలేదు. పైగా తన దిగులును మామూలు అలసటగా భావించుకునే విద్యార్థికి ఆ ప్రశ్నలు తన గురించేనని తోచకపోవచ్చు.

కృత్రిమ మేధ ఆశ చూపిస్తున్నది సరిగ్గా ఈ ఖాళీలోనే. అడగకుండానే, ఆపకుండా, రోజూ గమనిస్తానంటుంది. ఇందులో మొదటి దారి ఫోను. 2013లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో 48 మంది విద్యార్థులను పది వారాల పాటు వారి ఫోన్ల ద్వారానే గమనించారు. ఎంతసేపు నిద్రపోయారు, చుట్టూ మాటలు ఎంతసేపు వినిపించాయి అన్నవాటికీ పీహెచ్‌క్యూ-9 మార్కులకూ మధ్య పొంతన కనిపించింది. ఇది నిజంగా విలువైన ఫలితం. అయితే అదే అధ్యయనంలో, చదువుల భారం పెరిగేకొద్దీ అందరి నిద్రా, తిరుగుడూ, మాటలూ తగ్గుతూ రావడం కూడా కనిపించింది. పరీక్షల వారంలో గది దాటని విద్యార్థి కుంగిపోయాడా, చదువుకుంటున్నాడా అన్నది ఫోనుకు ఒకేలా కనిపిస్తుంది. తరువాత వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2018 నుంచి 2021 వరకు సేకరించిన సమాచారంతో, అప్పటికి ప్రతిపాదించి ఉన్న ఇలాంటి నమూనాలను పరీక్షించారు. ఒక బృందం మీద నేర్చుకున్న నమూనాలు వేరే సంవత్సరపు విద్యార్థుల దగ్గరకు వచ్చేసరికి బాగా తడబడ్డాయి. కళాశాలకు ఏటా కొత్త విద్యార్థులు వస్తారు కాబట్టి ఈ లోపం చిన్నది కాదు.

రెండో దారి రాతలు. 2018లో వెలువడిన ఒక అధ్యయనంలో, ఒక ఆసుపత్రికి వచ్చిన 683 మంది అనుమతితో వారి ఫేస్‌బుక్ రాతలను పరిశీలించారు. వారిలో 114 మందికి కుంగుబాటు నిర్ధారణ అయి ఉంది. ఆ నిర్ధారణకు ముందు రాసుకున్న రాతల నుంచే దాన్ని ఒక మోస్తరుగా ఊహించగలిగారు. ఇటువంటి పరిశోధనల్లో తరచూ తేలే గుర్తు, కుంగుబాటులో ఉన్నవారు ‘నేను’, ‘నా’ వంటి ఉత్తమ పురుష ఏకవచన సర్వనామాలను ఎక్కువగా వాడతారన్నది. కాని 2024లో అమెరికాలో జరిగిన పరిశీలనలో ఈ గుర్తు తెల్లజాతివారి రాతల్లో కనిపించింది, నల్లజాతివారి రాతల్లో కనిపించలేదు. ఒకే దేశంలో, ఒకే భాష రాసేవారి మధ్యే ఇంత తేడా ఉంటే, క్రియాపదంలోనే ‘నేను’ ఇమిడిపోయి కర్తను విడిగా చెప్పనవసరం లేని భాషల్లో రాసే పిల్లలకు ఈ కొలతను నేరుగా అన్వయించడం సాహసమే.

ఇక అంకెల లెక్క. ఊహకు వెయ్యిమంది విద్యార్థులను తీసుకుని, వారిలో నూరుమందికి కుంగుబాటు ఉందనుకుందాం. ఉన్నవారిలో 80 శాతాన్నీ లేనివారిలో 80 శాతాన్నీ సరిగ్గా చెప్పగల వ్యవస్థ 80 మందిని పట్టుకుంటుంది, దాంతోపాటు ఏ ఇబ్బందీ లేని 180 మంది మీద కూడా హెచ్చరిక ఇస్తుంది. అంటే వచ్చిన ప్రతి మూడు హెచ్చరికల్లో రెండు తప్పే. ప్రశ్నావళి దీనికి అతీతమని అనడం అన్యాయం. పైన చెప్పిన 88 శాతం లెక్కనే వేసినా అది 88 మందిని సరిగ్గా, 108 మందిని తప్పుగా చూపుతుంది. కాబట్టి ఏ పద్ధతిని ఎంచుకున్నా, హెచ్చరిక వల్ల కౌన్సెలర్ గది తలుపు తట్టి లోపలికి వచ్చేవారిలో సగానికి పైగా కుంగుబాటు లేనివారే ఉంటారు. అంకెల్లో ప్రశ్నావళిది కొంత పైచేయే గాని, ఆ తేడా ఒక్కటే చూసి తీర్పు చెప్పను.

నన్ను ఒకవైపు మొగ్గేలా చేసేది, హెచ్చరిక వచ్చాక కౌన్సెలర్‌కూ విద్యార్థికీ మధ్య జరిగే మొదటి సంభాషణ. ప్రశ్నావళి నింపిన విద్యార్థిని పిలిచినప్పుడు కౌన్సెలర్ ముందు ఆ అమ్మాయి స్వయంగా గుర్తు పెట్టిన కాగితం ఉంటుంది. “మూడో ప్రశ్నలో నిద్ర సరిగా పట్టడం లేదని, అదీ దాదాపు ప్రతిరోజూ అని పెట్టావు కదమ్మా, రాత్రిళ్లు ఎలా గడుస్తున్నాయి?” అని మొదలుపెట్టవచ్చు. ఆ మాట ఆమెదే, కౌన్సెలర్ దాన్ని ఆమెకు తిరిగి అందిస్తున్నారంతే. హెచ్చరిక తప్పయినా, పరీక్షల వల్ల నిద్ర లేదని ఆమె చెప్పి నవ్వుకుంటూ వెళ్లిపోతుంది; తనను ఎందుకు పిలిచారో తెలుసు కాబట్టి అవమానం ఉండదు. తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండుననో, తనను తాను గాయపరచుకోవాలనో ఆలోచనలు వస్తున్నాయా అని అడిగేది, దీనికి ఇంకా పెద్ద ఉదాహరణ. దానికి సున్నా కాక మరేది పెట్టినా మొత్తం మార్కులతో సంబంధం లేకుండా అదే రోజు ఎవరో ఒకరు ఆ విద్యార్థితో మాట్లాడాలి. ఆ గుర్తు పెట్టిన విద్యార్థి చాలాసార్లు ఎవరైనా అడుగుతారేమోనన్న ఆశతోనే పెడతాడని నేను నమ్ముతాను.

అదే ఫోనో, రాతలను చదివే వ్యవస్థో హెచ్చరిక పంపితే కౌన్సెలర్ ఏమని మొదలుపెట్టాలి? “నువ్వు ఈ వారం గది దాటలేదని మాకు తెలిసింది” అనాలా? “రాత్రి రెండు గంటలకు నువ్వు స్నేహితురాలికి రాసింది మా కంప్యూటరు చదివింది” అనాలా? ఎంత మెత్తగా చెప్పినా ఆ మాటల్లో మొదట వినిపించేది నిఘాయే. నిజంగా కుంగుబాటులో ఉన్న విద్యార్థి ఆ క్షణాన చేసే మొదటి పని తోసిపుచ్చడం, రెండో పని ఇకమీదట ఎక్కడా ఏమీ రాయకపోవడం. తన మనసు విప్పుకునే ఆ ఒక్క చోటు కూడా పోతుంది. కనిపెట్టడంలో వ్యవస్థ గెలిచినా, ఆదుకోవడంలో ఓడిపోతుంది.

ఈ భయం ఊహాజనితం కాదు. 2014 అక్టోబరులో బ్రిటన్‌లోని సమారిటన్స్ సంస్థ ట్విట్టర్ కోసం రాడార్ అనే ఉపకరణాన్ని తెచ్చింది. మనం అనుసరిస్తున్నవారి రాతల్లో నిస్పృహ కనిపిస్తే అది మనకు కబురు చేసేది, రాసినవారికి మాత్రం తెలియనిచ్చేది కాదు. ఆపదలో ఉన్నవారి మాట వినడమే పనిగా పెట్టుకున్న సంస్థ, మంచి ఉద్దేశంతోనే చేసిన పని అది. అయినా తమ మానసిక స్థితి గురించి బాహాటంగా రాసుకునేవారి నుంచే తీవ్ర వ్యతిరేకత రావడంతో కొద్ది రోజుల్లోనే దాన్ని నిలిపివేయవలసి వచ్చింది.

మిగిలిన దారుల గురించి పెద్దగా చెప్పనవసరం లేదు. గొంతులోని జీరను, ముఖకవళికలను బట్టి చెప్పేవి తరగతి గదికి ఇంకా సిద్ధంగా లేవు. విద్యాసంస్థల్లో ముఖం, గొంతు వంటి శరీర లక్షణాల ఆధారంగా భావోద్వేగాలను ఊహించే వ్యవస్థలను, వైద్య, భద్రతా కారణాలకు తప్ప, ఐరోపా సమాఖ్య 2025 ఫిబ్రవరి 2 నుంచి నిషేధించింది కూడా. మాట్లాడే చాట్‌బాట్లు కొంత ఊరటనివ్వవచ్చు గాని, గుర్తించే బాధ్యతను వాటికి అప్పగించలేము.

కృత్రిమ మేధను పూర్తిగా పక్కన పెట్టాలని మాత్రం అనను. విద్యార్థి స్వయంగా కోరుకుని తన ఫోనులో పెట్టుకున్న ఉపకరణం, నిద్ర తగ్గిందనో, నాలుగు రోజులుగా ఎవరితోనూ మాట్లాడలేదనో ముందు అతనికే చూపి, “ఆ తొమ్మిది ప్రశ్నలకు ఒకసారి జవాబివ్వాలనుకుంటున్నావా?” అని అడిగితే దానికి నా మద్దతు ఉంటుంది. సమాచారం అతని ఫోను దాటి పోకూడదు, కౌన్సెలర్‌కు పంపాలా వద్దా అన్నది అతనే తేల్చుకోవాలి, వద్దనుకున్న రోజు తీసేసే వీలు ఉండాలి. అలాగైతే ప్రశ్నావళికీ ప్రశ్నావళికీ మధ్య మిగిలే ఖాళీ కొంతవరకు పూడుతుంది, మొదటి మాట కూడా విద్యార్థిదే అవుతుంది.

ఒకే బడ్జెట్‌లో ఏదో ఒకటే సాధ్యమనే సంస్థకు నా సలహా ఇది: ఆ డబ్బుతో ముందు మరో కౌన్సెలర్‌ను నియమించుకోండి. ఏడాదిలో ఒక్కసారి కాకుండా, చేరిన కొత్తలోనూ, పరీక్షలకు కొన్ని వారాల ముందూ, ఫలితాలు వచ్చాకా ప్రశ్నావళి ఇవ్వండి. ఇచ్చే రోజున ఆ కాగితాలను సాయంత్రంలోగా చదివే మనిషి ఎవరో, తొమ్మిదో ప్రశ్నకు గుర్తు పెట్టినవారిని కలిసేది ఎవరో, అవసరమైతే పంపవలసిన మానసిక వైద్యులు ఎవరో ముందే రాసి పెట్టుకోండి. ఈ మూడు పేర్లూ రాసుకోలేని చోట ప్రశ్నావళినీ ఇంకా మొదలుపెట్టకూడదు, కృత్రిమ మేధనూ తేకూడదు.