నాలుగు పెన్సిల్ సెల్లుల హోల్డర్: రెండేళ్లు వాడాక

సైన్సు ప్రయోగాలకు కొనే నల్ల ప్లాస్టిక్ హోల్డర్ ఇది. నాలుగు పెన్సిల్ సెల్లులు ఒకటి అటు, ఒకటి ఇటు తిరిగి పక్కపక్కనే కూర్చుంటాయి. లోపల ఉన్నది శ్రేణి సంధానమే, మార్చే వీల్లేదు. కొత్త సెల్లులు వేస్తే ఎరుపు, నలుపు తీగల మధ్య మీటరు 6 వోల్టులకు కాస్త పైనే చూపిస్తుంది. ఎర్ర ఎల్ఈడీకి 220 ఓంల రెసిస్టర్ వేసి వెలిగించినంత కాలం ఏ లోటూ కనబడదు.

కరెంటు ఎక్కువ లాగే పనుల్లో స్ప్రింగులు బయటపడతాయి. అవి సన్నటి ఉక్కు తీగతో చేసినవి. పైపూత పోయిందంటే తుప్పు పడుతుంది. నాలుగు సెల్లులకు ఎనిమిది అతుకులు. ఒక్కోచోట 0.1 ఓం పెరిగినా మొత్తం 0.8 ఓం. 6 వోల్టుల, 0.5 ఆంపియర్ బల్బు పెడితే దాదాపు 0.4 వోల్టు హోల్డర్‌లోనే పోతుంది, వెలుగులో ఐదో వంతు తగ్గుతుంది. సెల్లులు అయిపోయాయనుకుని పారేసేది ఇక్కడే.

పట్టుకోవడం తేలిక. బల్బు వెలుగుతుండగానే మీటరును 200 మిల్లీవోల్టుల రేంజిలో పెట్టి, ఒక మొన సెల్లు అడుగున, రెండోది స్ప్రింగు మొదట్లోని రివెట్టు మీద ఆనించాలి. 10 లోపు ఉంటే మంచిదే. 50 చూపిస్తే అక్కడ 0.1 ఓం ఉన్నట్టు. సన్న ఉప్పు కాగితంతో రుద్దండి. అప్పటికీ తగ్గకపోతే స్ప్రింగు కొస నుంచి రివెట్టు దాకా, లోపలి నుంచి మెత్తటి రాగి తీగ వేసి టంకం పెట్టాలి. ఐరన్ మూడు సెకన్లకు మించి ఆనిస్తే ప్లాస్టిక్ కరిగి రివెట్టు వదులవుతుంది.

ఒక సెల్లు తిరగేసి పెడితే బల్బు ఆరిపోదు, మసకగా వెలుగుతుంది. తిరగబడ్డది ఇంకొకదాన్ని కొట్టేసి 3 వోల్టులే మిగులుతాయి. ఆ సెల్లులోకి కరెంటు వెనక్కి ఎక్కి అది కారుతుంది కూడా. పాత, కొత్త కలిపినా ఇంతే: ముందు ఖాళీ అయినదాన్ని మిగతా మూడూ తిరగదోస్తాయి. హోల్డర్లు పాడయ్యేది ఎక్కువగా ఈ కారిన రసంతోనే.

సమాంతర సంధానం కావాలంటే ఒంటి సెల్లు హోల్డర్లు నాలుగు తీసుకోండి. బల్బుకు నాలుగింతల కరెంటు వస్తుందని పిల్లలు అనుకుంటారు. రాదు. వోల్టేజి 1.5 దగ్గరే ఉంటుంది, బల్బు తనకు కావలసినంతే లాగుతుంది, ఒక్కో సెల్లు అందులో పావు వంతు ఇస్తుంది. తేడా తెలిసేది బయటి నిరోధం బాగా తక్కువైనప్పుడు. సెల్లు అంతర్నిరోధం 0.5 ఓం అనుకోండి. బయట 0.5 ఓం నిక్రోమ్ తీగ పెడితే శ్రేణిలో 6ను 2.5తో, సమాంతరంలో 1.5ను 0.625తో భాగించాలి. రెండింటా 2.4 ఆంపియర్లే! తీగను 0.25 ఓంకు తగ్గిస్తే శ్రేణిలో 2.7, సమాంతరంలో 4. తీగ కాలుతుంది, రెండు మూడు సెకన్లకే తీసేయాలి. సమాంతరంలో ఒక్క సెల్లు తిరగబడితే మాత్రం స్విచ్ వేయకపోయినా సెల్లుల మధ్యే షార్ట్ అయి వేడెక్కుతాయి. కలిపే ముందు ప్లస్సులన్నీ ఒకే వైపు ఉన్నాయో లేదో వేలితో తడిమి చూడండి.

ఎల్ఈడీలకు, చిన్న బల్బులకు ఈ హోల్డర్ నిక్షేపంగా పనికొస్తుంది. మోటారు బండికి కొంటే మాత్రం రాగి తీగ వేశాకే సెల్లులు పెట్టండి.